కోత కంటే ముందు పట్టు

ఫ్లాట్‌బెడ్ కటింగ్ మెషిన్ కొత్తగా దింపుకున్న షాపులో ఆపరేటర్ కుర్రాడు రోజుకు పదిసార్లు అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, దీనికి ఏ బ్లేడు వేయాలి?" అడగాల్సిందే, కాకపోతే అది మూడో ప్రశ్న. దానికంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. ముక్క తెగాక దాని అంచు ఏ పని చేయాలి? తెగుతున్నంతసేపూ షీటును కదలకుండా పట్టుకునేది ఏది? ఈ రెండూ తేలితే బ్లేడు పేరు దానంతట అదే వస్తుంది. తేలకపోతే ఎంత ఖరీదు పెట్టి బ్లేడు తెచ్చినా మూలన వేస్టేజి కుప్ప పెరుగుతూనే ఉంటుంది.

ముందు అంచు సంగతి. 3 మి.మీ. యాక్రిలిక్ షీటు తీసుకోండి. నగల షాపు కౌంటర్ మీద నిలబెట్టే బోర్డయితే దాని అంచు కస్టమర్ కళ్లెదుటే ఉంటుంది. లేజర్‌తో కోస్తే ఆ అంచు మెరుస్తూ వస్తుంది, మళ్లీ చెయ్యి పెట్టక్కర్లేదు. రౌటర్‌తో కోస్తే మసకగా వస్తుంది, పాలిష్ పట్టాలి. అదే ముక్క ఒక స్టాండులో గాడిలోకి దూరాల్సినదైతే మెరుపుతో పనిలేదు. అంచు నిటారుగా ఉండాలి, కొలత తప్పకూడదు. అక్కడ రౌటరే మేలు. రౌటర్‌తో వచ్చే చిక్కల్లా లోపలి మూలలు. 3 మి.మీ. బిట్ ఎంత జాగ్రత్తగా నడిపినా లోపలి మూలలో 1.5 మి.మీ. గుండ్రం వదిలేస్తుంది. గాడిలో కూర్చోవాల్సిన పలక మూల చదరంగా ఉంటే అది లోపలికి దిగదు. డిజైన్‌లోనే ఆ మూలను కాస్త బయటికి తొలిచి పెట్టుకోవాలి.

లేజర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు పోతాను. షాపులో లేజర్ ఉంది కదా అని పీవీసీ జోలికి పోకండి. మన షాపుల్లో సన్‌బోర్డ్ పేరుతో అమ్ముడయ్యే ఫోమ్ షీటు, వినైల్ స్టిక్కరు, ఫ్లెక్స్, మామూలు రెక్సిన్, అన్నీ చాలావరకు పీవీసీ కుటుంబమే. లేజర్ వేడికి అవి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతాయి. తడి తగిలితే అది యాసిడ్. ముందు ఆపరేటర్ గొంతు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తర్వాత మెషిన్ పట్టాలు తుప్పు పడతాయి, లెన్సు పాడవుతుంది. "ఒక్క ముక్కే కదన్నా" అనే మాట దగ్గర నాకు మొహమాటం లేదు. కోయకూడదంతే.

ఇక రెండో ప్రశ్న, తెగుతున్నంతసేపూ షీటును పట్టుకునేది ఏది అన్నది. ఈ అధ్యాయమంతా దాని కోసమే రాశాను.

బట్టను కంప్యూటర్ చెప్పినట్టు కోసే మెషిన్‌ను 1960ల చివర్లో మార్కెట్‌లోకి తెచ్చినవాడు జోసెఫ్ గెర్బర్. వియన్నాలో పుట్టి, నాజీల బారి నుంచి బయటపడి 1940లో అమెరికా చేరాడు. చదువుకునే రోజుల్లోనే పైజమా ఎలాస్టిక్‌తో సాగే స్కేలు చేసుకున్న బుర్ర అది. కత్తిని కంప్యూటర్‌తో నడపడం ఒక ఎత్తు అయితే, దొంతరగా పేర్చిన బట్ట పొరలు కత్తి తాకిడికి జారకుండా చూడటం మరో ఎత్తు. బట్ట మీద పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచి, కింది నుంచి గాలి లాగేస్తే పొరలన్నీ అణిగి గట్టిపడతాయి. కత్తి మొన కిందికి దిగినా పాడవని మెత్తటి పరుపు అడుగున ఉంటుంది. ఆ కంపెనీ మెషిన్లలో నిలువు కుచ్చుల పరుపు తర్వాత మామూలైపోయింది. కత్తి కుచ్చుల సందుల్లో తిరుగుతుంది, గాలి కూడా ఆ సందుల్లోంచే పోతుంది. ఇవాళ దొరికే స్విట్జర్లాండ్ కంపెనీ జూండ్ మెషిన్లు, నార్వేలో పుట్టిన కాంగ్స్‌బర్గ్ మెషిన్లు, చైనా నుంచి దిగుతున్న మోడళ్లు, వీటన్నిటి కిందా నడిచేది ఆ గాలి పట్టే. హోరుమనే ఆ పంపు కరెంటు తింటోందని విసుక్కునే ఓనర్లున్నారు. నిజానికి షీటును పట్టుకున్న చెయ్యి అదే.

ఆ పట్టు ఎంతో ఒక్కసారి లెక్క వేసి చూడండి. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో. మీ పంపు అందులో అయిదో వంతు లాగగలుగుతోందనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకు 200 గ్రాముల పట్టు. 10 సెం.మీ. చదరం ముక్క మీద అది 20 కిలోలు. కత్తి మామూలు తోపుకు కదలదు. అదే 2 సెం.మీ. చదరం ముక్క మీద 800 గ్రాములు మాత్రమే. ముక్క చిన్నదైందని కత్తి తోపు తగ్గదు. చిన్న ముక్కలు చివరి మూల దగ్గరే ఎందుకు కదులుతాయో, ఎందుకు ఎగిరి పక్కకు పడతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అక్కడ కొత్త బ్లేడు మారిస్తే ఒరిగేది తక్కువ.

పట్టు పెంచుకునే దారులు చాలానే ఉన్నాయి, ఖర్చు తక్కువవే. షీటు కప్పని బెడ్ భాగాన్ని పాత ఫ్లెక్స్ ముక్కలతో మూసేయండి, లేదా మెషిన్‌లో ఆ జోన్ ఆపేయండి. గాలి దూరే సరుకు మీద, అంటే స్పాంజి, బట్ట, ఈపీఈ ఫోమ్ లాంటివాటి మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి దానితో కలిపే కోయండి. మరీ చిన్న ముక్కలకు చుట్టూ రెండు మూడు చోట్ల సన్నటి వంతెనలు వదిలి, తర్వాత చేత్తో తుంచండి. రౌటర్ పనిలో అడుగున కాగితమంత పొర వదిలి ఆఖరి రౌండులో తీయడం ఇంకో పద్ధతి. బెడ్ మీద ఫెల్ట్ అరిగి గుంటలు పడితే పట్టు ఎక్కడిదక్కడ లీకవుతుంది. దాన్ని మార్చే ఖర్చు చూసి వాయిదా వేయకండి.

తెలుగు బోర్డులు చేసేవాళ్లకు ఈ చిన్న ముక్కల బాధ ఇంగ్లీషు బోర్డుల వాళ్ల కంటే ఎక్కువ. 'సహస్ర' అని మూడక్షరాలు రాయండి. చాలా ఫాంట్లలో స, హ మీది తలకట్టు అక్షరానికి తగలదు. అంటే యాక్రిలిక్‌లో కోసినప్పుడు ప్రతి తలకట్టూ విడి ముక్కే. దానికి తోడు కింద ఒత్తులు. సున్నా ఉంటే ఇంకా మంచి చిక్కు, అది ఉంగరం. బయటి గీత ముందు తెగితే లోపలి రంధ్రం కోసేటప్పుడు ఉంగరం తిరిగిపోతుంది. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాస్తే ఒక్కో అక్షరం ఒకే ముక్క, తెలుగులో ఒక్కో అక్షరం రెండు మూడు ముక్కలు కావచ్చు. అందులో సగం మన లెక్కలో 800 గ్రాముల బాపతు. అందుకే అక్షరాల పనికి షీటు మీద ముందే మాస్కింగ్ టేపు పరిచి కోసేవాళ్లు తెలివైనవాళ్లు. పైన టేపు పట్టుకుంటే ముక్క ఎగరదు. పైగా ఏ తలకట్టు ఏ అక్షరానిదో టేపు మీద రాసుకోవచ్చు.

ఫైల్ దగ్గరే ఇంకో గండం ఉంది. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన మేటర్‌లో అక్షరం ఒక ముక్క, గుడి ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క. స్క్రీన్ మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని ఒకే అక్షరంలా కనపడతాయి. మెషిన్‌కు కళ్లకు కనపడే అక్షరంతో పనిలేదు, గీతలతోనే పని. ఒకదాని మీదొకటి ఎక్కిన చోట అక్షరం మధ్యలోంచి కోసుకుంటూ పోతుంది. మేటర్‌ను కర్వ్స్‌గా మార్చి, కలవాల్సిన ముక్కల్ని వెల్డ్ చేసి, అవుట్‌లైన్ వ్యూలో ఒకసారి చూసుకోండి. ఈ అలవాటుకు పట్టేది రెండు నిమిషాలు. లేకపోతే పోయేది 8×4 షీటు.

ఇప్పుడు బ్లేడు దగ్గరికి వద్దాం.

స్టిక్కర్లకు మామూలు డ్రాగ్ బ్లేడు చాలు. దాని మొన బ్లేడు ఇరుసుకు సరిగ్గా కింద ఉండదు, సాధారణంగా 0.25 మి.మీ. వెనక ఉంటుంది. ఆ అంకె మెషిన్‌లో సరిగ్గా ఇవ్వకపోతే మూలలు గుండ్రమవుతాయి, వృత్తం మొదలైన చోటే ముగియదు. మామూలు వినైల్‌కు 45 డిగ్రీల బ్లేడు, మందపాటి రిఫ్లెక్టివ్‌కు 60 డిగ్రీలది అలవాటు. హాఫ్ కట్ అంటే స్టిక్కరు తెగాలి, కింది కాగితం తెగకూడదు. దాని పరీక్ష చేత్తోనే చేయాలి. స్టిక్కర్ పీకేశాక కింది కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. లీలగా గీత కనపడాలి, గోరుతో రాస్తే తగలకూడదు. తగిలిందంటే లోతు ఎక్కువైంది. రోల్ విప్పుతుంటే కాగితం ఆ గీత వెంబడే చిరుగుతుంది.

సన్‌బోర్డ్, ఫోమ్, అట్ట లాంటి మందపాటి మెత్తటి సరుకుకు ఆసిలేటింగ్ నైఫ్. బ్లేడు నిమిషానికి వేలసార్లు పైకీ కిందికీ ఆడుతూ రంపంలా కోస్తుంది, ముందుకు తోసే బలం తక్కువ కావాలి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్నట్టు, 3 మి.మీ. మెత్తటి ఫోమ్‌కు రౌటర్ పెట్టి షాపంతా పొడి చేసుకునేవాళ్లు దీన్ని ఒకసారి వాడి చూడాలి. అయితే ఈ బ్లేడు వాలు గురించి తెలియక చాలామంది మూలల దగ్గర దెబ్బతింటారు. 45 డిగ్రీల వాలున్న బ్లేడుతో 5 మి.మీ. షీటు కోస్తున్నారనుకోండి. అడుగున మూల సరిగ్గా తెగాలంటే పైన అదే గీత 5 మి.మీ. దాటిపోవాల్సిందే. ప్రింట్ ఉన్న ముఖం మీద ఆ దాటిన గీత గాటులా కనపడుతుంది. వాలు తక్కువగా, నిటారుగా ఉన్న సన్నటి బ్లేడు వేస్తే ఈ దాటుడు తగ్గుతుంది. రెండో దారి, ప్రింట్ ముఖాన్ని కిందికి తిప్పి, ఫైల్‌ను మిర్రర్ చేసి, వెనక నుంచి కోయడం. గాటు వెనకే ఉండిపోతుంది. కాకపోతే కెమెరా రిజిస్ట్రేషన్ మార్కులు కింది ముఖాన పడతాయి కాబట్టి షీటు అంచులే ఆధారంగా పెట్టుకోవాలి. నేనైతే షాపు ముందు నిలబెట్టే కటౌట్లకు నిటారు బ్లేడే వేస్తాను. తిప్పి కోసే పద్ధతి ముఖ్యమైన జాబ్‌కి, తీరిక ఉన్నప్పుడు మాత్రమే.

బట్టకు గుండ్రటి రోటరీ బ్లేడు. లాగకుండా దొర్లుతూ కోస్తుంది కాబట్టి పోగులు లేవవు. చిన్న వంపులు, లోపలి మూలలు మాత్రం దానికి చేతకావు.

యాక్రిలిక్, ఏసీపీ, ఎండీఎఫ్‌లకు రౌటర్. ఇక్కడ కాస్త ఆగుదాం. యాక్రిలిక్ కోస్తుంటే ముక్క అంచు కరిగి మళ్లీ అతుక్కుంటోందని ఫిర్యాదు. ఓనర్ వెంటనే అంటాడు: "మెల్లగా పోనీయరా." అక్కడే రోగం ముదురుతుంది. లెక్క చూడండి. ఒకే పదునున్న బిట్ నిమిషానికి 18,000 సార్లు తిరుగుతూ 1,800 మి.మీ. ముందుకు వెళ్తే, తిరిగిన ప్రతిసారీ 0.1 మి.మీ. మందం పొట్టు తీస్తుంది. ఆ పొట్టుతోపాటే వేడి బయటికి పోతుంది. నడకను 600కు తగ్గిస్తే పొట్టు 0.03 అవుతుంది. అప్పుడు బిట్ కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడికి యాక్రిలిక్ కరుగుతుంది. నడక పెంచాలి, లేదా తిరిగే వేగం తగ్గించాలి. కాస్ట్ షీటా, ఎక్స్‌ట్రూడెడ్ షీటా అన్నది కూడా కొనేటప్పుడే అడగండి. రెండోది చవక, కానీ త్వరగా మెత్తబడుతుంది.

బిట్ ఆకారంలోనూ పట్టు సంగతే దాగుంది. పొట్టును పైకి లాగే స్పైరల్ బిట్ గాడిని శుభ్రంగా ఉంచుతుంది, కానీ షీటును కూడా పైకి లాగుతుంది. కిందికి నొక్కే బిట్ షీటును బెడ్‌కు అదిమి పెడుతుంది, కానీ పొట్టు గాడిలోనే ఇరుక్కుంటుంది. పల్చటి షీటు, చిన్న ముక్కలైతే రెండోది. మందపాటి షీటు, పెద్ద ముక్కలైతే మొదటిది. ఏసీపీని మడత పెట్టడానికి వీ ఆకారపు గాడి తవ్వేటప్పుడు పరీక్ష పూర్తిగా బెడ్‌కే. ముందు వైపు అల్యూమినియం పొర, దాని మీద సుమారు 0.3 మి.మీ. ప్లాస్టిక్ మిగలాలి. బెడ్ ఒక చివర అంతే ఎత్తుగా ఉంటే అక్కడ ప్లాస్టిక్ మొత్తం పోయి, మడత దగ్గర రేకు చిట్లుతుంది. అడుగున ఎండీఎఫ్ బోర్డు వేసి, దాన్ని మెషిన్‌తోనే ఒకసారి సమంగా చెక్కించి, దాని మీద పని చేయండి. ఎండీఎఫ్ పొడి చాలా సన్నం, డస్ట్ కలెక్టర్ ఉన్నా మాస్కు తీయొద్దు.

అట్టపెట్టెల పని నాకు ఇష్టమైంది. నూజివీడు మామిడి వ్యాపారి ఒకాయన "శాంపిల్ చూసి చెప్తానండీ" అన్నాడనుకోండి. డై కొట్టించకుండా అరగంటలో పెట్టె చేతిలో పెట్టగలగడమే ఈ మెషిన్ గొప్ప. అయితే ఆ పెట్టెలో కోత కంటే మడత గీత ముఖ్యం. అట్ట లోపల అలల్లాంటి ఫ్లూట్ ఏ దిక్కున పరుగెడుతోందో చూడండి. ఫ్లూట్‌కు అడ్డంగా వేసే మడతకు, దాని వెంబడి వేసే మడతకు గీత నొక్కే ఒకే చక్రం, ఒకే ఒత్తిడి పనికిరావు. వెంబడి వేసేటప్పుడు సన్నటి చక్రం రెండు అలల మధ్య గుంటలోకి జారి, మడత గీత మీద కాకుండా పక్కన పడుతుంది. వెడల్పాటి చక్రం కావాలి. ఒత్తిడి మరీ పెంచితే పై కాగితం పగులుతుంది. కొలతలోనూ మందం గుర్తుంచుకోవాలి. 5 మి.మీ. అట్టలో మడతకూ మడతకూ మధ్య 300 వేస్తే లోపల 295 మాత్రమే దొరుకుతుంది. ఆ 5 మి.మీ. దగ్గరే మామిడి కాయ నలుగుతుంది.

వరస మాత్రం మార్చకండి: మడతలు ముందు, లోపలి రంధ్రాలు తర్వాత, బయటి గీత ఆఖరున. బయటి గీత తెగిన క్షణం నుంచి ముక్క షీటులో భాగం కాదు, దాని పట్టు దానిదే.

శాంపిల్ నచ్చి ఆర్డర్ పెద్దదైతే అప్పుడు డై గురించి ఆలోచించండి. డైకి 5,000 రూపాయలు, డై మీద పెట్టెకు 2, మెషిన్ మీద పెట్టెకు 12 అనుకుంటే 500 పెట్టెల దగ్గర రెండూ సమం. అంకెలు మీ ఊళ్లో వేరు, లెక్క ఇదే. మెషిన్ కొన్నాం కదా అని వేల పెట్టెలు దాని మీదే కోస్తూ కూర్చోవడం మొండితనం.

కొత్త సరుకు వచ్చిన ప్రతిసారీ ఓ మూలన పరీక్ష ముక్క కోయండి. 50 మి.మీ. చదరం, పక్కన ఒక చిన్న వృత్తం, ఒక సన్నటి త్రిభుజం. చదరం మూల నుంచి మూలకు కొలిస్తే 70.7 రావాలి, రెండు వైపులా. రెండు వైపులా వేర్వేరుగా వస్తే మెషిన్ ఇరుసులే చదరంగా లేవు. వృత్తం ముగిసిన చోట మెట్టు కనపడితే మొన అంకె తప్పు, లేదా ఎక్కడో వదులు. త్రిభుజం మొన చెదిరితే బ్లేడు వాలు ఎక్కువ, లేదా పట్టు చాలలేదు. ఆ ముక్క మీదే మార్కర్‌తో టూలు, లోతు, వేగం రాసి ఫైల్లో పెట్టుకోండి. ఆపరేటర్ మానేసి వెళ్లిన రోజున షాపును నిలబెట్టేది ఆ ఫైలే.

బ్లేడు ఎప్పుడు మార్చాలో అంచే చెప్తుంది. అట్ట అంచు నూగు నూగుగా వస్తుంటే, కోత శబ్దం బరువెక్కితే మార్చేయండి. రీసైకిల్ కాగితంతో చేసిన అట్టలో ఇసుక నలుసులుంటాయి, అవి పదును త్వరగా తింటాయి. కార్బైడ్ బ్లేడు గట్టిది కానీ పెళుసు, చేయి జారి పడితే మొన పోయినట్టే. మార్చేటప్పుడు మెషిన్‌ను పూర్తిగా ఆపండి, కళ్లజోడు పెట్టుకోండి.

ఇంకా మెషిన్ కొనని వాళ్లకు ఒక మాట. డెమోకి పిలిస్తే కంపెనీ వాళ్ల షీటు మీద కోసి చూపించేదానికి తల ఊపకండి. మీ షాపులో ఎక్కువగా ఇబ్బంది పెట్టే సరుకును మీరే తీసుకెళ్లండి. 2 సెం.మీ. ముక్కల్ని బెడ్ మధ్యలోనూ, నాలుగు మూలల్లోనూ కోయించండి. స్కేలు తీసి కొలవండి. ఒక తలకట్టు, ఒక సున్నా కూడా కోయించండి. మూలల్లో ముక్క కదిలితే, కదలకుండా చేసి చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.